ప్లాట్ల కాల్స్, లోన్ల కాల్స్, చెత్త మెయిళ్లు: ఏది ఎట్లా ఆపాలి

“సార్, చౌటుప్పల్ దగ్గర వెంచర్ వేసినం, రీజినల్ రింగ్ రోడ్డుకు దగ్గర్లోనే. సైట్ విజిట్‌కు కారు మేమే పంపుతం.” నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫోన్ వాడేవాళ్లలో ఈ మాట విననివాళ్లు అరుదు. చౌటుప్పల్ బదులు ఒకరోజు షాద్‌నగర్, ఇంకోరోజు జడ్చర్ల, మరోరోజు ఆమనగల్లు. ఇంట్లో ఇంటర్ పిల్లలుంటే రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచి ఇంజినీరింగ్ కాలేజీల కాల్స్. మిర్యాలగూడలో మిల్లు పేరు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే బిజినెస్ లోన్ల కాల్స్.

దీనికి అందరూ చేసేది ఒక్కటే: నంబర్ బ్లాక్ చేయడం. ఉన్న మందులన్నిట్లో అదే బలహీనమైనది. అమ్మేవాడి దగ్గర సిమ్‌లకు కొదవ ఉండదు. ఈరోజు ఒకటి బ్లాక్ చేస్తే రేపు ఇంకోదాని నుంచి మోగుతుంది. అదే ఫిర్యాదులు పడితే అతని సిమ్మే మూగబోతుంది. కాకపోతే ఫిర్యాదు ఎక్కడ చేయాలన్నది ఫోన్ చేసినవాడు ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. చేసేవాళ్లు మూడు రకాలు: రిజిస్టర్ చేసుకుని అమ్మేవాడు, రిజిస్ట్రేషన్ లేకుండా మామూలు సిమ్‌తో అమ్మేవాడు, అమ్మకం పేరు చెప్పుకునే దొంగ. మొదటివాడికి 1909లో (అమ్మకం కాల్స్ వద్దని చెప్పడానికి, వాటిమీద ఫిర్యాదు చేయడానికి ఉన్న టెలికాం నంబర్) ముందుగానే ‘వద్దు’ అని నమోదు చేయాలి. రెండోవాడి మీద 1909కే ఫిర్యాదు చేయాలి. మూడోవాడి సంగతి కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని ‘చక్షు’కు, పైసలు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

నంబర్ చూసి పోల్చుకోవడం

140తో మొదలయ్యే నంబర్ నుంచి వస్తే అది టెలికాం కంపెనీ దగ్గర రిజిస్టర్ అయిన అమ్మకం కాల్. 1600తో మొదలైతే బ్యాంకు, ఇన్సూరెన్స్ లాంటి సంస్థలు మీ ఖాతా పనిమీద చేసేది. ఈ సంస్థలన్నిటినీ 1600 వరుసకు మార్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఇక మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి లోన్ ఇస్తాం, ప్లాటు ఇస్తాం, క్రెడిట్ కార్డు ఇస్తాం అన్నారంటే నిబంధన తప్పినట్టే. ఆ కాల్ వెనక ఎంత పెద్ద కంపెనీ పేరు చెప్పినా సరే.

మెసేజ్‌ల్లో పేరు చివర ఒక గీత, దాని తర్వాత ఒక ఇంగ్లిష్ అక్షరం కనిపిస్తుంది. ‘పీ’ ఉంటే ప్రమోషన్, ‘ఎస్’ ఉంటే సర్వీస్, ‘టీ’ ఉంటే లావాదేవీ, ‘జీ’ ఉంటే ప్రభుత్వం. బ్యాంకు పేరు చెప్పే మెసేజ్ ఇట్లాంటి పేరుతో కాక పది అంకెల నంబర్ నుంచి వస్తే అందులో లింకు ముట్టుకోవద్దు. పేరున్నా అనుమానంగా అనిపిస్తే, ఆ పేరు (దీన్నే హెడర్ అంటారు) ఏ సంస్థదో ట్రాయ్ హెడర్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోవచ్చు.

1909లో నమోదు

దీనికి యాప్ అక్కర్లేదు, స్మార్ట్ ఫోన్ కూడా అక్కర్లేదు. కీప్యాడ్ ఫోన్ నుంచీ అవుతుంది.

మెసేజ్ తెరిచి, ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ‘స్టార్ట్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా వేసి 1909కి పంపండి. ఆ తర్వాత అన్ని రకాల ప్రమోషన్లూ వద్దన్నట్టు లెక్క. అది తీసుకోకపోతే ‘ఫుల్లీ బ్లాక్’ అని ఇంగ్లిష్‌లో పంపి చూడండి. కన్ఫర్మ్ చేయమని తిరిగి మెసేజ్ వస్తే దానికి జవాబివ్వాలి. చాలామంది అక్కడే ఆపేసి, డీఎన్‌డీ (‘డూ నాట్ డిస్టర్బ్’, అంటే ఈ ‘వద్దు’ నమోదే) పెట్టినా కాల్స్ ఆగలేదని అనుకుంటారు. మెసేజ్ కొట్టడం రాని పెద్దవాళ్లయితే ఆ సిమ్ నుంచే 1909కి ఫోన్ చేసి, చెప్పినట్టు బటన్లు నొక్కితే సరి. నమోదు అయినాక ఒక వారం ఓపిక పట్టాలి, అదే సాయంత్రం నుంచి ఆగవు.

రెండు సిమ్‌ల ఫోన్లలో ఒక తిరకాసు ఉంది. మెసేజ్ ఏ సిమ్ నుంచి పోతే ఆ నంబర్‌కే నమోదు అవుతుంది. కాల్స్ వచ్చేది జియో మీద, మెసేజ్ పోయేది బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి అయితే ఉపయోగం సున్నా. పంపే ముందు సిమ్ 1, సిమ్ 2 గుర్తు చూసుకోండి. రెండు నంబర్లకూ కావాలంటే రెండుసార్లు పంపండి. వేరే కంపెనీకి పోర్ట్ అయినవాళ్లు కూడా డీఎన్‌డీ ఇంకా ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

కొన్ని రకాలు కావాలి, కొన్ని వద్దు అనుకుంటే (రియల్ ఎస్టేట్ మాత్రం ఆపి, చదువుల కాల్స్ ఉంచుకోవాలంటే) మెసేజ్‌తో కుస్తీ పట్టొద్దు. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో గానీ మీ టెలికాం కంపెనీ యాప్‌లోని డీఎన్‌డీ విభాగంలో గానీ ఒక్కో రకాన్నీ విడిగా ఎంచుకోవచ్చు.

డీఎన్‌డీ పెడితే ఓటీపీలు, గ్యాస్ బుకింగ్ మెసేజ్‌లు ఆగిపోతాయని చాలామందికి భయం. ఆగవు. లావాదేవీ, సర్వీస్, ప్రభుత్వ మెసేజ్‌లు దీని కిందికి రావు.

ఫిర్యాదు ఎట్లా రాస్తే పనిచేస్తుంది

ఫలానా రోజు ఫలానా నంబర్ నుంచి కాల్ వచ్చింది అని 1909కే మెసేజ్ పంపాలి. వరుస ఇది: కాల్ దేని గురించో రెండు మాటల్లో, కామా, చేసినవాడి నంబర్, కామా, తేదీ. తేదీ మాత్రం రోజు, నెల, సంవత్సరం వరుసలో, మధ్యలో వాలుగీతలతో: 05/06/26 లాగా. మెసేజ్ మీద ఫిర్యాదు అయితే మొదటి భాగంలో ఆ మెసేజ్‌లోని మాటలే పెట్టండి. తర్వాత మీకు ఫిర్యాదు నంబర్ వస్తుంది, దాన్ని దాచుకోండి. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో అయితే కాల్ లాగ్ నుంచి నంబర్‌ను ఎంచుకుంటే చాలు, పని తేలిక.

గడువు ముఖ్యం. ఇంతకుముందు మూడు రోజుల్లోపే ఫిర్యాదు చేయాల్సి ఉండేది. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ తన 2018 నాటి నిబంధనలను సవరించి దాన్ని ఏడు రోజులు చేసింది. అదే సవరణలో ఇంకో మంచి మార్పు: రిజిస్టర్ కాని నంబర్ నుంచి కాల్ వస్తే, మీరు డీఎన్‌డీలో లేకపోయినా ఫిర్యాదు చేయొచ్చు.

అన్నిటికన్నా పనికొచ్చేది మాత్రం వేరే ఉంది. పది రోజుల్లో ఒకే నంబర్ మీద ఐదు ఫిర్యాదులు పడితే టెలికాం కంపెనీ చర్య మొదలుపెట్టాలి. ఇంతకుముందు వారంలో పది ఉండేది. మొదటిసారి తప్పుకు ఆ నంబర్ నుంచి అవుట్‌గోయింగ్ 15 రోజులు బంద్. మళ్లీ దొరికితే అతని కనెక్షన్లన్నీ అన్ని కంపెనీల్లోనూ ఏడాది పాటు కట్. ప్లాట్ల ఏజెంటు మీ ఒక్కరికే చేయడు. ఒక వీధి, ఒక కాలేజీ బ్యాచ్, ఒక మార్కెట్ లిస్టు పట్టుకుని వరసగా చేసుకుంటూ పోతాడు. కాబట్టి కాల్ రాగానే కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ నంబర్ వేసి, ‘ఇది మీకు కూడా వచ్చిందా? వచ్చినోళ్లు 1909కి కొట్టండి’ అనండి. నిజంగా వచ్చినవాళ్లే పెట్టాలి. ఐదుగురు కలిస్తే చాలు.

ఫిర్యాదు తిరిగి వచ్చేస్తే కారణం తరచూ ఇవే: వేరే సిమ్ నుంచి పంపడం, గడువు దాటడం, నంబర్‌లో అంకె తప్పు, లేదా ‘మీరే సమ్మతి ఇచ్చారు’ అని కంపెనీ చూపించడం. చివరిదానికి మందు సమ్మతి వెనక్కి తీసుకోవడమే. ప్రమోషన్ మెసేజ్‌లో వద్దనుకుంటే ఎట్లా ఆపాలో కూడా ఉండాలి. అట్లా ఆపినాక 90 రోజుల దాకా మళ్లీ మీ సమ్మతి అడగడానికి వీల్లేదు. బ్యాంకు సొంతంగా చేసే లోన్ కాల్స్‌కు ఆ బ్యాంకు వెబ్‌సైట్‌లోనో కస్టమర్ కేర్‌లోనో ‘డూ నాట్ కాల్’ నమోదు విడిగా చేయించాలి.

ఫోన్ ఎత్తినప్పుడు

తిట్టడం దండగ. అవతల ఉన్నది జీతానికి పనిచేసే పిల్లో పిలగాడో. మర్యాదగా కబుర్లు చెప్పడం ఇంకా దండగ. రెండు నిమిషాలు మాట్లాడితే మీ నంబర్ పక్కన ‘ఆసక్తి ఉంది’ అని రాసుకుంటారు. ‘ఇప్పుడు బిజీ, తర్వాత చెయ్యండి’ అన్నా అదే ఫలితం. “అవసరం లేదు తమ్మీ, మీ కంపెనీ పేరు చెప్పి నా నంబర్ లిస్టు నుంచి తీసెయ్” అని ఒక్క వాక్యం, అంతే. కంపెనీ పేరు తెలిస్తే ఫిర్యాదులో రాయడానికి పనికొస్తుంది.

ప్లాట్ల వాళ్లకైతే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా గురించి ఒక ప్రశ్న ఉంది: “వెంచర్ రెరా నంబర్ ఎంత, మీ ఏజెంట్ రెరా నంబర్ ఎంత?” 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ప్లాట్లు గానీ దాటిన వెంచర్‌కు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి, అది లేకుండా ప్రచారమే చేయకూడదు. అమ్మే ఏజెంటుకూ విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ‘డీటీసీపీ అప్రూవ్డ్’ అని ఎంత గట్టిగా చెప్పినా అది లేఔట్ అనుమతి మాత్రమే, రెరా కాదు. ఈ ప్రశ్న పడితే చాలామంది గొంతు అక్కడే తగ్గిపోతుంది.

లోన్ వసూలు చేసేవాళ్ల సంగతి వేరు. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం కూడా కుదరదు. ముందు బ్యాంకుకు గానీ ఫైనాన్స్ కంపెనీకి గానీ రాతపూర్వకంగా చెప్పండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే, ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. ఫిర్యాదు ఎట్లా పెట్టాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

దొంగ కాల్స్

ఇక్కడ 1909 పనికిరాదు. దొంగ అనేవాడు అమ్మకాలు చేయడు, భయపెడతాడు లేదా ఆశపెడతాడు. మన దగ్గర తిరిగే రకాలు కొన్ని:

‘బిల్లు కట్టలేదు, రాత్రి 9:30కి కరెంటు కట్ చేస్తం, ఈ ఆఫీసర్ నంబర్‌కు ఫోన్ చేయండి’ అని మెసేజ్. కరెంటు ఆఫీసు ఇట్లా మామూలు మొబైల్ నంబర్ ఇచ్చి ఫోన్ చేయమనదు. అనుమానం ఉంటే 1912కి చేసి అడగండి, లేదా టీజీఎస్‌పీడీసీఎల్ యాప్‌లో సర్వీస్ నంబర్ కొట్టి బాకీ చూసుకోండి.

‘ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నం, రెండు గంటల్లో మీ నంబర్ బంద్ అయితది, తొమ్మిది నొక్కండి.’ ట్రాయ్ ఎవరికీ అట్లా ఫోన్ చేయదు. తొమ్మిది నొక్కితే పోలీసు డ్రెస్సు వేసుకున్నవాడు వీడియో కాల్‌లోకి వచ్చి ‘డిజిటల్ అరెస్ట్’ అంటాడు. చట్టంలో అట్లాంటి అరెస్టు లేదు.

‘పార్సిల్ వచ్చింది, డెలివరీ బాయ్ నంబర్ కోసం ఇది డయల్ చేయండి’ అని స్టార్ 401 స్టార్ లేదా స్టార్ 21 స్టార్, ఆ తర్వాత ఒక నంబర్ చెబుతాడు. అది డయల్ చేస్తే మీ కాల్స్ అతనికి మళ్లుతాయి. ఫోన్‌లో చెప్పే ఓటీపీలూ అతనికే వినిపిస్తాయి. ఇప్పటికే చేసి ఉంటే: స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొట్టి ఫార్వర్డింగ్ ఉందో లేదో చూడండి. హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ కొడితే అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దయిపోతాయి.

వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’, ‘ఆర్టీవో చలాన్’, ‘పెళ్లి పత్రిక’ అనే పేర్లతో వచ్చే ఫైళ్లు అన్నిటికన్నా ప్రమాదం. పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని ఉంటే అది పత్రిక కాదు, యాప్. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా తెరవొద్దు. వాళ్ల ఫోన్ ఇప్పటికే దొంగ చెప్పుచేతల్లోకి పోయి ఉండొచ్చు. ఇన్‌స్టాల్ చేసి ఉంటే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపి, సిమ్ తీయండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ రెండు చోట్లా ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి తీసేస్తే గానీ అన్‌ఇన్‌స్టాల్ కాకపోవచ్చు. చివరికి ఫ్యాక్టరీ రీసెట్ చేస్తేనే నమ్మకం. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి.

పైసలు పోకముందే దొరికిన దొంగ కాల్స్, మెసేజ్‌లు, వాట్సాప్‌లు సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో ‘చక్షు’ అనే చోట రిపోర్ట్ చేయాలి. స్క్రీన్‌షాట్ పెట్టొచ్చు. విదేశాల నుంచి వచ్చి మన దేశపు నంబర్‌లా కనిపించిన కాల్స్‌కు అక్కడే విడిగా ఒక విభాగం ఉంది. అదే సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూడండి. మీకు తెలియని నంబర్ కనిపిస్తే ‘నాది కాదు’ అని నొక్కండి. ఎప్పుడో ఇచ్చిన ఆధార్ జిరాక్స్ మీద ఎవరో సిమ్ తీసుకుంటే ఇక్కడే బయటపడుతుంది.

పైసలు పోతే మాత్రం చక్షు కాదు, 1930. ఎంత తొందరగా చేస్తే అంత మేలు. ఆ డబ్బు ఇంకో ఖాతాకు పోయేలోపే పట్టుకుంటే ఆపగలుగుతారు. చేసే ముందు చేతిలో ఉంచుకోవాల్సినవి: మీ ఖాతా నంబర్, పోయిన మొత్తం, సమయం, లావాదేవీ యూటీఆర్ నంబర్, దొంగ నంబర్. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. దొంగ నంబర్‌ను తొందరపడి డిలీట్ చేయొద్దు, కాల్ లాగ్, చాట్ అట్లనే ఉంచండి.

తెలియని విదేశీ కోడ్‌తో మిస్డ్ కాల్ వస్తే తిరిగి చేయకండి. అంతకన్నా చెప్పేదేం లేదు.

ఫోన్‌లో సెట్టింగులు

ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫోన్ యాప్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో ‘కాలర్ ఐడీ అండ్ స్పామ్’కు పోయి ఫిల్టర్ ఆన్ చేయొచ్చు. ఐఫోన్‌లో తెలియని నంబర్లన్నిటినీ మోగకుండా ఆపే సెట్టింగ్ ఉంది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, కాల్స్‌లోకి పోయి ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ ఆన్ చేయండి. అదే ప్రైవసీలో ‘గ్రూప్స్’ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెడితే ఊరూపేరూ లేని స్టాక్ మార్కెట్ గ్రూపుల్లోకి మిమ్మల్ని లాగలేరు.

తెలియని నంబర్లన్నీ మోగకుండా ఆపేది అందరికీ సరిపోదు. దుకాణదారు, ఆటో డ్రైవర్, డాక్టర్, మిల్లు గుమాస్తా: వీళ్లకు తెలియని నంబరే గిరాకీ. వాళ్లు స్పామ్ ఫిల్టర్ వరకే పెట్టుకోవాలి. పిల్లలు హైదరాబాద్‌లో ఉండి, అవ్వ ఒక్కతే ఊళ్లో ఉంటే మాత్రం ఆమె ఫోన్‌లో ఆపేయడమే నయం. కీప్యాడ్ ఫోన్ అయితే ఒక మాట ఒప్పించండి: పైసలు, ఓటీపీ, పోలీసు అన్న మాట వినపడగానే పెట్టేసి బిడ్డకో కొడుక్కో చేయాలి.

మెయిళ్లు

ఇక్కడ జనం తప్పు చేసేది ఒకే చోట: ప్రతిదానికీ ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కడం. మీరు ఎప్పుడో కొన్న దుకాణం, పిల్లల కోచింగ్, రైల్వే టికెట్ల సైట్ లాంటి పేరున్న వాళ్లవైతే అన్‌సబ్‌స్క్రైబ్ సరైన దారే. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లు ఒక్క నొక్కుతో మానేసే సౌకర్యం ఇవ్వాలని జీమెయిల్ 2024 నుంచి నియమం పెట్టింది. పంపినవారి పేరు పక్కనే ఆ లింకు కనిపిస్తుంది. జీమెయిల్ మెనూలో ‘మేనేజ్ సబ్‌స్క్రిప్షన్స్’ ఉంటే అన్నీ ఒకే చోట చూసి తీసేయొచ్చు.

ముక్కూమొహం తెలియని మెయిల్ లోపల ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కొద్దు. ఈ చిరునామా బతికే ఉంది, మనిషి చదువుతున్నాడు అని మీరే చెప్పినట్టవుతుంది. దానికి ‘రిపోర్ట్ స్పామ్’ వాడాలి. ఊరికే డిలీట్ చేస్తే జీమెయిల్‌కు ఏమీ తెలియదు, రిపోర్ట్ చేస్తేనే తర్వాతవి స్పామ్‌లోకి పోతాయి. బ్లాక్ చేసినా మెయిల్ రావడం ఆగదు, నేరుగా స్పామ్‌లో పడుతుంది, అంతే. మెయిల్‌లోని బొమ్మలు కూడా మీరు తెరిచినట్టు పంపినవాడికి తెలియజేయగలవు. అందుకే సెట్టింగ్స్‌లో ‘ఆస్క్ బిఫోర్ డిస్‌ప్లేయింగ్ ఎక్స్‌టర్నల్ ఇమేజెస్’ పెట్టుకోవాలి.

ఒకే మాటతో వచ్చే చెత్తకు ఫిల్టర్ పెట్టొచ్చు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, వెతికే డబ్బా చివర గుర్తు నొక్కి, పంపినవారి చిరునామా వేసి, ‘క్రియేట్ ఫిల్టర్’లో ‘డిలీట్ ఇట్’ ఎంచుకోండి. ‘లోన్’ లాంటి మాట మీద మాత్రం ఫిల్టర్ పెట్టకండి. మీ బ్యాంకు వాయిదా మెయిల్ కూడా చెత్తబుట్టలోకి పోతుంది. స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నవి 30 రోజులకు వాటంతటవే పోతాయి కాబట్టి వారానికోసారి అందులోకి తొంగిచూడండి. నోటీసులు, ఇంటర్వ్యూ పిలుపులు అక్కడ చిక్కుకుపోవడం కొత్త కాదు.

బ్యాంకు పేరుతో మెయిల్ వస్తే పైన కనిపించే పేరు కాదు, చిరునామా చివర చూడాలి. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాలని ఆర్‌బీఐ చెప్పింది. లింకు వేరేచోటికి పోతుంటే ఆగండి. ఇంకా లోతుగా చూడాలంటే కంప్యూటర్‌లో మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ తెరవండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షల పక్కన ‘పాస్’ అని ఉంటే ఆ మెయిల్ ఆ చిరునామా నుంచే వచ్చిందని అర్థం. ఆ చిరునామా మంచివాళ్లదని మాత్రం కాదు. బ్యాంకు పేరులో ఒక అక్షరం మార్చి డొమైన్ కొన్న దొంగకు కూడా ‘పాస్’ వస్తుంది. మిల్లులు, జిన్నింగ్ ఫ్యాక్టరీలు, గద్వాల చీరల హోల్‌సేల్ వాళ్లకు ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకమీదట దీనికి వేయండి’ అనే మెయిల్ వస్తే ‘షో ఒరిజినల్’ కూడా నమ్మొద్దు. పాత నంబర్‌కే ఫోన్ చేసి, గొంతు విని, తర్వాత డబ్బు వేయండి.

నంబర్ బయటికి పోయే దారులు

బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్, లక్కీ డ్రా చీటీ, పెట్రోల్ బంకు కూపన్, కోచింగ్ సెంటర్ విజిటర్ బుక్: మన నంబర్ బయటికి పోయే చోట్లలో ఇవి ముందుంటాయి. బిల్లు వేయడానికి మొబైల్ నంబర్ తప్పనిసరి అని దుకాణాలు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే చెప్పింది. ‘నంబర్ లేకుండా వెయ్యి’ అంటే చాలాచోట్ల వేస్తారు.

రెండో సిమ్ ఉన్నవాళ్లు దాన్ని ఇట్లాంటి చోట్లకు కేటాయించుకోవచ్చు. బ్యాంకు, ఆధార్, పాస్‌బుక్ ఉన్న నంబర్ ఎవరికీ ఇవ్వకుండా ఉంచి, డ్రాలకూ ఓఎల్‌ఎక్స్‌కూ రెండోది ఇవ్వడం. అయితే రెండో నంబర్‌ను 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయొచ్చు, తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చు కూడా. అందుకే ఆ నంబర్‌తో ఏ ఖాతా ముడిపెట్టొద్దు, మధ్యమధ్యలో ఒక కాల్ చేసి బతికించుకోవాలి.

మెయిల్‌కు రెండో చిరునామా అక్కర్లేదు. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట చేర్చి ఇవ్వండి: కోచింగ్‌కు ఒకటి, షాపింగ్‌కు ఒకటి. అన్నీ మీ ఇన్‌బాక్స్‌కే వస్తాయి. చెత్త మొదలైనప్పుడు ఎవరు అమ్ముకున్నారో ఆ మాటను బట్టి తెలిసిపోతుంది, దానిమీదే ఫిల్టర్ పెట్టేయొచ్చు. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు; అక్కడ నిజంగా అవసరమైతేనే మెయిల్ ఇవ్వండి, లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి.